మేము నలుగురం

ఆ పిల్లకి బళ్ళో ఒక పేరుంది. ఇంట్లో మాత్రం అందరికీ తోకే.

నాలుగో తరగతి సెలవుల్లో తల్లి తీసుకొచ్చి అక్క ఇంట్లో దింపి వెళ్ళింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. పెద్దమ్మ ఎక్కడుంటే అక్కడ. ఇస్త్రీ బల్ల దగ్గరుంటే బల్ల కాలు పట్టుకుని, కుళాయి దగ్గరుంటే బిందె పక్కన, మూటలు ఇవ్వడానికి ఇళ్ళకి వెళ్తే రెండడుగులు వెనక. పెద్దనాన్న సరుకుల వ్యాను నడుపుతాడు. నోటికొచ్చింది అనేసి తానే ముందు నవ్వే మనిషి. కూతురు నిద్రలో కూడా మాట్లాడుతుందని దానికి చిలక అని పేరు పెట్టిందీ ఆయనే. ఒక రోజు వ్యాను దిగి వస్తూ ఈ వరస చూశాడు.

"బాగుందే. ఇన్నాళ్ళకి మన చిలకకి తోకొచ్చింది" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది, వచ్చిన తర్వాత మొదటిసారి. తనకో పేరు పెట్టారంటే ఉంచుకుంటారని అనుకుందేమో. ఆ పేరు అతుక్కుపోయింది.

తల్లి వెళ్తూ వెళ్తూ "పెద్దమ్మ చెప్పిన మాట విను. వస్తాను" అంది. గడప దాటే మనిషి వెళ్తాను అనకూడదు, వస్తాను అనాలి. పొరుగింటికి పోయేవాళ్ళూ అలాగే అంటారు, మళ్ళీ మొహం చూపించనివాళ్ళూ అలాగే అంటారు. అది సెలవు పుచ్చుకునే మాటే గానీ తిరిగొస్తామనే మాట కాదని పెద్దవాళ్ళకి తెలుసు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఎవరు చెప్తారు? మాట వినడానికీ అమ్మ రావడానికీ ముడివేసుకుంది. మాట వింటే వస్తుంది. ఇంకా రాలేదంటే సరిగ్గా వినలేదన్నమాట.

అందుకని వినేది. నీళ్ళు పట్టేది, మూటలు విప్పేది, బట్టలకి నీళ్ళు చిలకరించి చుట్టలు చుట్టేది. పెద్దమ్మ దగ్గర ప్రతి ఇంటి బట్టలకీ ఒక రంగు దారం ఉండేది. కాలరు కింద ఒక కుట్టు. ఎరుపు డాక్టరుగారిది, పచ్చ బ్యాంకాయనది, అలా. ఏ చొక్కా ఎవరిదో తోక దారం చూడకుండానే చెప్పేది. దారం ఊడిపోయి ఎవరివో తెలియని బట్టలూ, "సాయంత్రం వస్తాం" అని ఇచ్చి ఏళ్ళు దాటినా రానివాళ్ళ బట్టలూ పై అరలో ఒక మూటగా ఉండేవి. ఆ మూటని నెలకోసారి దించి దులిపి మళ్ళీ పెట్టేది కూడా తోకే.

"పడేద్దాం అమ్మా, వీటికోసం ఎవరూ రారు" అని ఒకసారి చిలక అంటే, "వస్తారు" అంది తోక, అంత ఖచ్చితంగా అనేసరికి చిలకకి నవ్వొచ్చింది.

ఆ పిల్లలో ఒక చెడ్డ గుణం ఉండేది. ఎదుటివాళ్ళ మాట దిద్దుతుంది. పెద్దనాన్న "పొద్దున్నించీ ఏం తినలేదు" అంటే "రెండు బన్నులు తిన్నావుగా, కవరు వ్యాన్లో ఉంది" అనేది. నిజమే, కానీ అలా నిజం చెప్పే పిల్లని ఎవరు ముద్దు చేస్తారు? చిలక అబద్ధం చెప్పి మెడ చుట్టూ చేతులేస్తుంది. ముద్దు దానికే దక్కేది.

ఒకనాడు మాత్రం తోక మాటనే చిలక దిద్దింది. ఇద్దరూ ఏడో తరగతి. బళ్ళోంచి వస్తూ ఎవరితోనో తోక "మన ఇంట్లో కరెంటు పోయింది" అంటుంటే, చిలక ఆగి, "మన ఇల్లు కాదే. మా ఇల్లు" అంది. వీధి అరుగు మీద బొగ్గులు ఆరబోస్తున్న పెద్దమ్మ ఆ మాట విన్నది. కసరాలనే అనుకుంది. కానీ కూతురు చెప్పిన తీరు, చెయ్యి నడుం మీద పెట్టి, బడి పంతులమ్మలాగా, అదంతా చూసి నవ్వొచ్చేసింది. నవ్వాక కసరడం ఎలా?

ఆ రోజు నుంచి తోక నోట మన అనే మాట రాలేదు. "మీ ఇంట్లో చీపురు అరిగింది పెద్దమ్మా" అనేది. "మీ కుళాయి కారుతోంది" అనేది. వినగా వినగా అదీ అలవాటైపోయింది.

ఇక తోక తల్లి, అంటే పెద్దమ్మ చెల్లెలి సంగతి. పిల్లలు ఏడులో ఉండగానే ఒక మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోను చేసింది. "అక్కా, నేనింక రాను. ఇక్కడ ఆయనకి దాని సంగతి తెలీదు. తెలిస్తే నన్నుంచడు. దానికి ఏమీ చెప్పకు. నువ్వే కన్నావనుకో" అంది. పెద్దమ్మ తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. చెల్లెలు అంతా విని "సరే అక్కా, ఉంటాను" అని పెట్టేసింది. వెళ్ళేటప్పుడు వస్తానంటారు, వదిలేసేటప్పుడు ఉంటానంటారు. మన మాటలే అంత.

ఆ నంబరు మళ్ళీ మోగలేదు. పెద్దమ్మ తోకకి చెప్పలేదు. మొదట్లో జాలితోనే చెప్పలేదు. తర్వాత్తర్వాత ఆ జాలిలో ఇంకొకటి కలిసింది. ఎదురుచూసే పిల్ల చెప్పిన పని చేస్తుంది. ఎదురుచూపు మానేసిన పిల్ల ఏం చేస్తుందో ఎవరికి తెలుసు?

ఎనిమిదో తరగతి చివర్లో ఆ స్కాలర్‌షిప్పు కబురొచ్చింది. ఏదో పెద్ద సంస్థ. ఎనిమిదో తరగతి దాటకముందే పేరు నమోదు చేయించుకున్న పేదపిల్లలకి, చదువు నిలబెట్టుకుంటే, కాలేజీ చదువంతా వాళ్ళే చూసుకుంటారు. తొమ్మిదిలోకి వెళ్ళాక ఇక ఎవరు మొత్తుకున్నా తీసుకోరు. ఇంటికి ఒక్కరికే. ఒకే ఇంట్లో ఇద్దరుంటే మార్కులెక్కువున్న పిల్లకి. ఈ సంగతంతా చిలకే వచ్చి గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"ఇంటికి ఒక్కరా?" అంది పెద్దమ్మ.

"ఒక్కరే."

ఇద్దరూ తోక వైపు చూడలేదు. తోక మార్కులు ఎవరికి తెలియవు? ప్రగతి కార్డు వచ్చిన రోజున చిలక దాన్ని చాప కింద దాస్తే, తోక తనదాన్ని గోడకి ఆనించి పెట్టేది, ఎవరైనా వచ్చి చూస్తారన్నట్టు.

ఆ రాత్రి మొగుడు కంచం ముందు కూర్చుని, "దానిదీ దీనిదీ ఏమిటే, ఎవరికొచ్చినా మంచిదేగా" అన్నాడు.

"నీకేం, స్టీరింగు పట్టుకుంటే లోకం మర్చిపోతావు. నా కూతురు నాలాగా బొగ్గు పొగ మింగుతుంటే చూస్తావా?"

"నేనేం అన్నానే ఇప్పుడు."

"ఏం అనకు. అదే మంచిది."

చిలక అన్న అప్పటికే చదువు మానేసి టైర్ల దుకాణంలో పనికి కుదిరాడు. మిగిలింది చిలకే. ఈ ఒక్క తలుపు మూసుకుంటే చిలక కూడా ఇస్త్రీ బల్ల ముందుకే వస్తుందని పెద్దమ్మకి తెలుసు. తన అరచేతులు చూసుకునేది. వేలి కొనల్లో చర్మం చచ్చిపోయి చాలా కాలమైంది. వేడి తగిలినా తెలియదు.

నమోదుకి ఆఖరి రోజు శనివారం. బడికి సెలవే గానీ లైబ్రరీ గది తెరిచి పెట్టారు. పెద్దమ్మ చిలక బట్టల్ని రెండుసార్లు ఇస్త్రీ చేసింది. తోక తన గౌను తానే చేసుకుంది.

"నువ్వెందుకే?" అంది పెద్దమ్మ.

"తోడుగా" అంది తోక.

ఆ పిల్ల చంకలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. మార్కుల కార్డు ఉన్నట్టుంది అందులో. పెద్దమ్మ చూసింది. చూసి ఊరుకుంది. అక్కడిదాకా వచ్చి నిలబడితే తప్పేముంది, అడిగేవాళ్ళు ఎవరున్నారు అనుకుంది.

లైబ్రరీలో పుస్తకాల బీరువాలన్నిటికీ తాళాలే. మధ్యలో ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని వెనక సంస్థ నుంచి వచ్చిన ఒకావిడ. పిల్లలు అప్పుడే ఆవిడకి కంప్యూటరమ్మ అని పేరు పెట్టేశారు. జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. ఒక్కో మాటకీ ముందు దగ్గేది. కానీ ఎవరి మీదా విసుక్కోలేదు. అడిగిందే నాలుగుసార్లు ఓపిగ్గా అడిగేది. అంత మంచి మనిషి ఆ బల్ల వెనక లేకపోయినా బాగుండేదేమో.

పెద్దమ్మకి ముందు తాళాలు బాగుచేసే ఆయన కూతురితో కూర్చున్నాడు.

"ఇంట్లో ఎంతమందండీ?" అంది కంప్యూటరమ్మ.

"ఎవరెవర్ని కలపమంటారు? మా అత్తగారొకావిడ ఉంది. రోజూ రేపు వెళ్ళిపోతానంటుంది."

"ఇవాళ ఉందా?"

"ఉందండీ. గట్టిగానే ఉంది. పొద్దున్నే నన్ను తిట్టింది."

"అయితే కలపండి."

"కలిపితే మళ్ళీ తియ్యడం కుదురుతుందా మేడం?"

వరసలో వాళ్ళంతా నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. కంప్యూటరమ్మ మీటలు నొక్కింది, తెర మీద పచ్చగా ఏదో వెలిగింది. తాళాలాయన లేస్తూ "ఎప్పుడూ లెక్కలోకి రాని మనిషి, ఇవాళ అక్కరకొచ్చింది" అన్నాడు. అప్పటికి పెద్దమ్మ చిలక కాలరు సర్దుతోంది. ఆ మాట చెవిన పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు.

"రండమ్మా, కూర్చోండి. ఎవరికి?"

"మా అమ్మాయికండీ." చిలకని ముందుకి జరిపింది.

"ఆ పాప?"

"మా చెల్లెలి కూతురు. తోడుగా వచ్చింది."

తోక చంకలో కవరు ఇంకొంచెం బిగించింది. కంప్యూటరమ్మ పేరు, తరగతి, మొగుడి పని, తన పని, కొడుకు తెచ్చేది, అన్నీ అడిగింది. పెద్దమ్మ దాచకుండా చెప్పింది. దాచాల్సినంత ఉంటే కదా.

"ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?"

"మేము నలుగురం."

అబద్ధం వెతుక్కోవాల్సిన పని కూడా పడలేదు. దారిలో అంతా ఏం చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉంది, తీరా అడిగేసరికి రోజూ అనే మాటే నోట్లో సిద్ధంగా ఉంది. రేషను దుకాణంలో అదే చెప్తుంది, పెళ్ళి పిలుపులకి వచ్చినవాళ్ళకి అదే చెప్తుంది. మేము నలుగురం, ఇదొకతి. ఇవాళ రెండో ముక్క మింగింది, అంతే.

కంప్యూటరమ్మ మీట నొక్కింది. ఈసారి పచ్చగా వెలగలేదు. ఎర్రగా ఒక గీత వచ్చింది. ఆవిడ దగ్గి, అన్నీ మళ్ళీ చూసి, మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎరుపే.

"రావడం లేదమ్మా."

"ఏం రావడం లేదు?"

"మీ ఇంటికొచ్చే డబ్బుని ఇంట్లో తలలకి పంచి చూస్తుంది ఇది. మీ నలుగురికీ పంచితే గీత దాటుతోంది. కొంచెంలోనే. ఇంకొక్కరుంటే సరిపోయేది."

పెద్దమ్మ ఆగలేదు. వెంటనే చెయ్యి వెనక్కి చాపి తోక భుజం పట్టుకుని ముందుకి లాగింది.

"ఉందండీ. ఇదిగో, ఇది కూడా మా ఇంట్లోనే ఉంటుంది. మేం ఐదుగురం."

"ఇప్పుడే కదమ్మా నలుగురన్నారు."

"నోరు జారింది."

వరసలో వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "అలా జారే నోరు నాకూ ఉంటే బాగుణ్ణు" అంది. కొందరు నవ్వారు.

కంప్యూటరమ్మ నవ్వలేదు. "పాప మీ ఇంటి పిల్లే అయితే, ఇద్దరూ ఎనిమిదే కదా, మార్కులెక్కువున్న పాపకే వస్తుంది. అది తెలుసా?"

"దీనికి అక్కర్లేదండీ. ఇది పెట్టుకోదు. లెక్కలో మాత్రం కలపండి, చాలు."

ఈ మాట అనేటప్పుడు పెద్దమ్మ చెయ్యి తోక భుజం మీదే ఉంది. ఆ భుజం కదల్లేదు. కదిలితే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ పడుకున్నట్టు చదునుగా పడుకుంది ఆ భుజం.

"ఒకసారి చెప్పిన మాట మార్చాలంటే నా చేతిలో లేదమ్మా. కొత్తగా ఎవర్ని కలపమంటున్నారో వాళ్ళ నోటితో వినాలి. అది ఇక్కడి పద్ధతి." కంప్యూటరమ్మ తోక వైపు వంగింది. బొంగురు గొంతుని వీలైనంత మెత్తగా చేసుకుంది. "చెప్పు పాపా. భయం లేదు. నువ్వు వీళ్ళింటి మనిషివేనా? మీరు ఐదుగురా?"

తోక కంప్యూటరు తెర వైపు చూసింది. తప్పు లెక్క కనబడితే ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో పెద్దమ్మకి తెలుసు. ఇప్పుడూ అలాగే ఉంది. కోపం లేదు. కోపం ఉంటే బతిమాలుకోవచ్చు.

"వాళ్ళు నలుగురండీ" అంది. "నేను వాళ్ళింట్లో ఉంటున్నాను."

"ఏయ్ తోకా, ఐదని చెప్పవే" అంది చిలక.

తోక తిరిగి చూసింది. "నువ్వే కదా చెప్పావు. మన కాదు, మా అని."

చిలక నోరు తెరిచింది, మూసింది. పుట్టి బుద్ధెరిగాక దానికి మాట దొరకకపోవడం అదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగి చెంపల మీదికి జారిపోయాయి, చప్పుడే లేదు. పెద్దమ్మ ఆ చెంపల్నే చూస్తూ కూర్చుంది. నలుగురన్నది తన నోటితో తాను అన్న మాటే. ఎవరూ బలవంతపెట్టలేదు.

కంప్యూటరమ్మ చిలక పేరు తీసేసింది. తీసేసేటప్పుడు "క్షమించమ్మా" అంది. తర్వాత దగ్గి, తోకని అడిగింది.

"మరి మీ ఇంట్లో ఎంతమంది?"

"మేము ఇద్దరమండీ. అమ్మా, నేనూ."

"నాన్న?"

"పోయారండీ."

"అమ్మ ఎక్కడుంది?"

"పనికి వెళ్ళింది."

ఎప్పుడు వెళ్ళిందని ఆవిడ అడగలేదు. తోక చంకలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది. కంప్యూటరమ్మ కార్డు తీసి చూసింది, వెనక్కి తిప్పి చూసింది, మళ్ళీ ముందుకి తిప్పింది. ముఖం మారిపోయింది.

"అమ్మా" అంది పెద్దమ్మతో, గొంతు తగ్గించి. గొంతు తగ్గించినా ఆ గది చిన్నది, వరసలో అందరికీ వినబడుతూనే ఉంది. "కన్నవాళ్ళెవరూ రాని పిల్లలకి వేరే దారుంది. ఇంటి లెక్కలేవీ అడగరు. ఈ మార్కులకి ఇట్టే వచ్చేస్తుంది. ఒక్కటే కావాలి. తల్లి ఇక రాదు అని దగ్గరి బంధువు ఒకరు నాకు చెప్పాలి. అంతే, మాట చాలు, నేను రాసుకుంటాను. వచ్చే తల్లే అయితే మాత్రం ఆవిడే ఇవాళ వచ్చి కూర్చోవాలి. ఈ గది మూసేస్తే ఇక లేదు."

"వస్తుందండీ" అంది తోక. "వస్తానని చెప్పింది."

"నిన్ను కాదు పాపా, పెద్దమ్మని అడుగుతున్నాను. చెప్పండమ్మా. ఈ పాప తల్లి వస్తుందా, రాదా?"

రాదు. రెండక్షరాలు. పెద్దమ్మ నాలుక మీదే ఉన్నాయి, ఏడాదిగా అక్కడే ఉన్నాయి. ఉమ్మేస్తే ఆ పిల్ల ఇక్కడే కూలబడుతుంది. ఇక్కడే, ఇంతమంది ముందు. కూలబడి లేస్తుంది. లేచి కాలేజీకి వెళ్తుంది. ఈ ఇల్లు వదిలి వెళ్తుంది. వెళ్ళేటప్పుడు వస్తాను అంటుంది.

పక్కన చిలక ముక్కు ఎగబీల్చింది. రెండుసార్లు ఇస్త్రీ చేసిన కాలరు కన్నీళ్ళతో తడిసి నలిగిపోయింది.

పెద్దమ్మకి అన్నీ తెలుసు. తెలియక అన్న మాట కాదు అది.

"వస్తుందండీ" అంది.

కంప్యూటరమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. "ఆలోచించి చెప్పండమ్మా. రాదంటేనే పాపకి మంచిది."

"నా తోడబుట్టింది. వస్తానంటే వస్తుంది." పెద్దమ్మ గొంతు పెరిగింది. "కన్నతల్లి నిక్షేపంలా బతికుండగా, ఆ పిల్ల మొహం మీద, ఇక రాదు అని ఎలా చెప్పమంటారు? నాకు నోరెలా వస్తుంది?"

వరసలో ఆడవాళ్ళు తలలు ఊపారు. "నిజమే కదా పాపం" అంది ఇందాక నోరు జారడం గురించి వేళాకోళం చేసినావిడ. తలుపు దగ్గర ఇంకా నిలబడి ఉన్న తాళాలాయన, "ఎంత స్కాలర్‌షిప్పయినా తల్లిని లేదనిపించకూడదు" అన్నాడు. ఎవరో తోక తల నిమిరారు. ఆ గదిలో ఆ క్షణాన పెద్దమ్మంత మంచి మనిషి లేదు.

కంప్యూటరమ్మ మార్కుల కార్డుని కవర్లో పెట్టి, కవరు మూతి మడిచి, తోక చేతికిచ్చింది. "సాయంత్రం దాకా ఉంటాను. ఎవరైనా వస్తే తీసుకురండి" అంది. తర్వాత దగ్గుకుంటూ వెనకవాళ్ళని పిలిచింది.

బయట ఎండ చుర్రుమంటోంది. గేటు దాటాక చిలక ఆగి తల్లి వైపు తిరిగింది. మొహమంతా ఎర్రగా ఉంది.

"నలుగురని ఎవరు చెప్పమన్నారమ్మా నిన్ను? అడిగేదాకా ఆగలేకపోయావా?"

"అడిగిందే కదే."

"ఐదంటే పోయేది కాదు కదా. దీనికొచ్చినా పోయేది కాదు. ఇప్పుడు ఎవరికొచ్చింది?"

"నోర్ముయ్. రోడ్డు మీద."

"మీరిద్దరూ తర్వాత రండి. నేను వెళ్తున్నా" అంది చిలక. వస్తా అనలేదు. పెద్దమ్మ చెయ్యి చాపి, "అలా అనకూడదే" అనబోయింది. అప్పటికే ఆ పిల్ల మలుపు తిరిగిపోయింది.

పెద్దమ్మ నిలబడిపోయింది. కాసేపటికి తన చేతిలోకి ఏదో వచ్చినట్టనిపించింది. వేలి కొనలకి స్పర్శ లేదు కాబట్టి వెంటనే తెలియలేదు. కిందికి చూస్తే తోక చెయ్యి. బల్ల కాలు పట్టుకుని తిరిగిన రోజుల్లో కూడా ఆ పిల్ల ఎప్పుడూ చెయ్యి పట్టుకోలేదు.

"పెద్దమ్మా."

"ఏంటే."

"అమ్మ నీకు ఫోను చేసిందా?"

పెద్దమ్మ రెండో చేత్తో కొంగు తల మీదికి లాక్కుంది.

"చేసింది కదా. లేకపోతే అంత గట్టిగా చెప్పవు. ఎప్పుడొస్తానంది?"

"పద. ఎండలో నిలబడితే తల తిరుగుతుంది."

ఇద్దరూ నడిచారు. తోక ఎప్పటిలా రెండడుగులు వెనక కాదు, పక్కనే నడుస్తోంది. చంకలో కవరు జారుతుంటే దాన్ని పెద్దమ్మ చేతి సంచిలో పడేసింది, ఇక దానితో పని లేదన్నట్టు. స్కాలర్‌షిప్పు పోయిందన్న దిగులు ఆ మొహంలో ఎంత వెతికినా లేదు. పోయిందేదో దానికింకా తెలియదు. తెలిసే రోజుకి ఎనిమిదో తరగతి ఎక్కడుంటుంది?

లైబ్రరీ సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. వెనక్కి నడిస్తే ఎంతో దూరం లేదు. పెద్దమ్మ ఒకసారి ఆగింది కూడా. పిల్ల ఆ చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"వచ్చే నెల ఆ పైమూట దించినప్పుడు అమ్మ పెట్టె పెట్టుకోవడానికి అక్కడ చోటు చేస్తాను పెద్దమ్మా. ఆ బట్టలు ఇక పడేద్దాం" అంది. కొంచెం దూరం వెళ్ళాక తనలో తాను లెక్క చూసుకుని, ఆ లెక్క సరిపోయిన సంతోషంతో అంది. "అమ్మ కూడా వచ్చేస్తే, మనం ఆరుగురం."

"ఊఁ" అంది పెద్దమ్మ.